ఇంటికొక్కటే బిళ్ళ

మొదటి నమోదు. మంగళవారం

ఫర్జానా మేడం, ఏ రోజు ఏం జరిగిందో నా మాటల్లోనే రాసి పంపమన్నారు. మీ ఇళ్ళ ఖాతాల ఆఫీసు ముఖాన్ని నమ్మదట, గొంతును నమ్మదట, వేలిముద్రను నమ్మదట. అవన్నీ ఎవడు పడితే వాడు తయారు చేస్తున్నాడు కాబట్టి, రాసే తీరును బట్టి నేను సారక్కనో కాదో మీ యంత్రం కొంత తేలుస్తుందట. సరే, రాస్తున్నాను. మీ యంత్రానికి తిట్లు అర్థమవుతాయో లేదో నాకు తెలియదు. అర్థం కాకపోతే మీరే విడమర్చి చెప్పండి.

జరిగింది ఇది. పుట్టగొడుగుల తోటలో షిఫ్టు దిగి ఇంటికి వచ్చాను. చేతుల నిండా ఎరువు, కడుపులో ఆకలి. తలుపు ముందు నిలబడి బిళ్ళ చెప్పాను. మీరు వేరే గని నుంచి బదిలీ మీద వచ్చారు కాబట్టి చెబుతున్నాను, మీరు పాస్‌వర్డ్ అనేదాన్ని మేం ఇక్కడ బిళ్ళ అంటాం. ఈ సొరంగాల్లో బొగ్గు తవ్విన కాలంలో, కిందికి దిగే ప్రతి కార్మికుడూ తన ఇత్తడి బిళ్ళను పైన కొక్కేనికి తగిలించి దిగేవాడట. తర్వాత బొగ్గు అయిపోయింది. పైన ఎండకు బతకలేక మనుషులమే దిగివచ్చి ఇక్కడ కాపురాలు పెట్టాం. ఆ పేరొకటి మిగిలింది.

"ఈ ఇంటితో మీకు సంబంధం లేదు. దయచేసి తప్పుకోండి" అంది తలుపు.

నేను సున్నం వేసిన గోడలు, నేను మెత్తిన అరుగు, నాకు సంబంధం లేదట. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే మాట. ఒళ్ళు మండి తలుపును ఒక్క తన్ను తన్నాను. దానికేం కాలేదు, నా బొటనవేలు వాచింది.

ఎదురింటి భూలక్ష్మి అప్పటికే తన గడపలో నిలబడి ఉంది. ఆమె మా జోడి. ఇదీ మీకు చెప్పాలి. జనం కిందికి దిగిన కొత్తలో ఒక గల్లీలో కప్పు కూలింది. తలుపులన్నీ బిగుసుకున్నాయి. బయట వందమంది ఉన్నారు, బిళ్ళ తెలిసినవాడు ఒక్కడు లేడు. లోపలివాళ్ళు లోపలే పోయారు. అప్పటినుంచి ఏ ఇంటి బిళ్ళ ఆ ఇంటివాళ్ళతోపాటు ఎదురింటి మనిషికి, అంటే జోడికి కూడా తెలియాలి. చెవిలో చెబుతాం, ఎక్కడా రాయం. ఎదురింటి మనిషి పది బిళ్ళలు గుర్తుపెట్టుకోలేదు కదా, అందుకే ఇంటికొక్కటే. తలుపుకు అదే, నీళ్ళకు అదే, రేషనుకు అదే, మెయిల్‌కూ అదే. ఇంకో బిళ్ళ పెట్టుకున్న ఇల్లంటే జోడి దగ్గర ఏదో దాస్తున్న ఇల్లని అర్థం. అటువంటి ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు.

"సారక్కా, నీతోని ఒక ముచ్చట చెప్పాలె" అంది భూలక్ష్మి.

"ముచ్చట తర్వాత. ముందుగాల తలుపు తెరువు" అన్నాను.

వచ్చి బిళ్ళ చెప్పింది. తలుపు ఆమెనూ తప్పుకోమంది. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది. ఆ ముఖం చూడగానే నాకు ఎక్కడలేని అనుమానమూ పుట్టింది.

"మా ఇంట్ల మేమిద్దరం, బయట నువ్వొక్కదానివి. ఇంకెవలకు ఎరుకనే మా బిళ్ళ? ఎవలు మార్చిండ్రు?"

"ఏం మాట్లాడుతున్నవే? నా మాట జర ఇను..."

"ఏం ఇనాలె? మా ఇల్లు గాలి గొట్టం పక్కన ఉన్నదని ఎన్నొద్దుల సంది కన్నేసినవ్? చెప్పు, దొంగదానా!"

గల్లీ గల్లీ అంతా బయటికొచ్చింది. నోటికి వచ్చినవన్నీ అన్నాను. రాయదగినవి ఇవే. భూలక్ష్మి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు నేనున్నప్పుడు మూసి ఉండగా ఎన్నడూ చూడలేదు. నా అడుగుల చప్పుడుకే తెరుచుకునేది. తప్పు చేసింది కాబట్టే మూసుకుందనుకున్నాను.

తర్వాత మీ ఆఫీసుకు వచ్చాను. మిగిలింది మీకు తెలుసు. నేనే నా ఇల్లు వదులుకుంటున్నానని నా మెయిల్ నుంచి అర్జీ వచ్చిందన్నారు. మా చెల్లెలి కొడుక్కి ఇస్తున్నానని ఉందన్నారు. నాకు చెల్లెలే లేదు, కొడుకెక్కడినుంచి వచ్చాడు? ఆదివారం పొద్దున ఇంటి గాలి కొత్తవాడి పేరుకు మారుతుందన్నారు. ఆపాలంటే మా జోడి వచ్చి, ఎదురుగా నిలబడి, ఈమే సారక్క అని సాక్ష్యం చెప్పాలట.

ఆ దొంగదాని సాక్ష్యంతోనా? చావనైనా చస్తాను, దాని గడప తొక్కను.

రెండో నమోదు. బుధవారం

మా ఆయన సంగతి చెబుతాను. పేరు ఐలయ్య, లిఫ్టు నడుపుతాడు. ఊపిరితిత్తుల్లో సగం పనిచేయవు. అందుకే ఎన్నో అర్జీలు పెట్టి గాలి గొట్టం పక్కన ఆ ఇల్లు సంపాదించాం. అది పోతే మిగిలింది అట్టడుగు సొరంగం. అక్కడ గోడలకు చెమట పడుతుంది, గాలి ఉడికిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే వంగిపోయి నడుస్తారు. మా ఆయన అక్కడ ఒక కార్తీకం కూడా దాటడు. మీకిది ఒక అర్జీ కావచ్చు మేడం. నాకు నా మనిషి ఊపిరి.

నిన్న లిఫ్టు పక్కన విశ్రాంతి గదిలో పడుకున్నాం. ఆయన ఆవిరి మిషన్ ఇంట్లోనే ఉండిపోయింది. తెల్లవార్లూ దగ్గుతూనే ఉన్నాడు.

పొద్దున మీరు తాత్కాలికంగా ఖాతాలోకి పోనిచ్చారు. "ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి సారక్కా, ఇంటిది ఆ తర్వాత" అన్నారు. అవును, అన్నారు. నేను వినలేదు. పోయింది ఇల్లయితే మెయిల్ ఎందుకు మార్చాలి? కాలు విరిగినవాడికి చెవిలో మందు పోస్తానన్నట్టు అనిపించింది. ఇంటి బిళ్ళ మార్చాను. తలుపు తెరుచుకుంది.

లోపలికి పోగానే ఆవిరి మిషన్ పెట్టి ఆయన్ని కూర్చోబెట్టాను. పొయ్యి మీద చాయ్ పెట్టాను. ఎదురింటికి వినబడేలా గిన్నెలు గట్టిగా చప్పుడు చేశాను. చాయ్ పొంగు రాకముందే పైన గాలి గొట్టం టక్కుమని మూసుకుంది.

"ఇంట్లో బయటి వ్యక్తులు ఉన్నారు" అని తలుపు అరవడం మొదలుపెట్టింది. గల్లీ అంతా వినబడేలా అరిచింది. కాపలావాళ్ళు ఇద్దరు వచ్చారు. ఇద్దరూ మా ఆయన లిఫ్టులో రోజూ దిగేవాళ్ళే. "ఏం జెయ్యాలె ఐలన్నా, మిషన్‌ల మీ పేరు లేదు" అని తలలు వంచుకుని మమ్మల్ని బయటికి తెచ్చారు. ఆవిరి మిషన్ చంకన పెట్టుకుని వచ్చాను. చాయ్ పొయ్యి మీదే ఉండిపోయింది.

మళ్ళీ మీ దగ్గరికి వచ్చి అరిచాను. మీరు నీళ్ళు ఇచ్చి, నిదానంగా చెప్పారు. బిళ్ళ మర్చిపోయానని నొక్కితే, కొత్త బిళ్ళ పెట్టుకునే దారి మెయిల్‌కే వస్తుందట. మెయిల్లో దొంగ కూర్చుని ఉన్నంతకాలం నేను తలుపుకు ఎన్ని బిళ్ళలు మార్చినా వాడు వెంటనే ఇంకోటి మార్చుకుంటాడట. నేను తాళం మారుస్తున్నాను, తాళాలు చేసే కొట్టులో వాడున్నాడు.

ఈ ముక్క పొద్దున కటువుగా చెప్పి ఉంటే వినేదాన్ని మేడం. మీరు మర్యాదగా చెప్పారు. మర్యాద నాకు తలకెక్కదు.

మూడో నమోదు. గురువారం

మెయిల్ బిళ్ళ మార్చాను. పొడుగ్గా పెట్టాను, మీరు చెప్పినట్టే ఒకదానికొకటి సంబంధం లేని మాటలు కలిపి పెట్టాను. తర్వాత ఇంటిది మార్చాను. గెలిచాననుకున్నాను. లిఫ్టు దగ్గరికి పోయి మా ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. తలుపు ముందు నిలబడితే మళ్ళీ తప్పుకోమంది.

నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. ఏడుపు రాగానే కోపం రెట్టింపయింది. మీ టేబుల్ మీద చెయ్యి వేసి కొట్టాను. అది పగిలి ఉంటే నా జీతంలో కోసుకోండి.

"మెయిల్ నాది, బిళ్ళ నాది, ఇంకా వాడెట్ల సదువుతున్నడు?" అని అడిగాను.

మీరు నా మెయిల్ సెట్టింగులు తెరిచి చూపించారు. నాకు వచ్చే ప్రతి ఉత్తరం నకలు ఎవరిదో చిరునామాకు పోతోంది. బిళ్ళ దొరికిన మొదటి రోజే వాడు ఆ కాలువ తవ్వి పెట్టుకున్నాడు. బిళ్ళ మర్చిపోతే ఎవరికి కబురు చెయ్యాలి అనే చోట మా ఆయన పేరు తీసేసి వాడి చిరునామా పెట్టుకున్నాడు. పైగా పాత బిళ్ళతో లోపలికి వచ్చినవాడు బిళ్ళ మార్చినా లోపలే ఉన్నాడట, ఎవరూ బయటికి పంపలేదు కాబట్టి. నా ఇంట్లో నా కంటే కుదురుగా కూర్చున్నాడు.

నకలు పోయే దారి తీసేయించారు. ఆ చిరునామా తుడిపించారు. అన్ని చోట్ల నుంచీ ఒక్కసారే అందరినీ బయటికి పంపే మీట నాచేత నొక్కించారు. మళ్ళీ కొత్త బిళ్ళ పెట్టించారు. అప్పుడు తెరుచుకుంది తలుపు. మధ్యాహ్నం దాకా కాపలా కాసినట్టు కూర్చున్నాను, మళ్ళీ మూసుకోలేదు.

అయినా అర్జీ అర్జీగానే ఉంది. అది ఒకసారి లోపలికి పోతే, జోడి సాక్ష్యం లేకుండా వెనక్కి రాదన్నారు. ఆదివారం దాకా ఉండొచ్చు, ఆ తర్వాత ఖాళీ చెయ్యాలి. ఈ రూలు ఎవడు పెట్టాడో గానీ వాడి ఇంటికి గాలి ఆగిపోను.

సాయంత్రం మీరే ఇంటికి వచ్చారు. అందుకు కృతజ్ఞతలు చెప్పాలేమో, చెప్పలేను, నాకు అలవాటు లేదు. అరుగు మీద కూర్చుని, ఆ పాత బిళ్ళ ఇంకెక్కడెక్కడ వాడారో చెప్పండి, అన్నిటికీ వేరు వేరు పెట్టాలి అన్నారు.

"ఏరే ఏరేనా?" అని మా ఆయన నోరు తెరిచాడు. "ఇంటికి ఒక్కటే ఉండాలె గదమ్మా. గల్లీల తెలిస్తే ఏమంటరు?"

"గల్లీ ఏమన్నా పర్వాలేదు ఐలన్నా. ఒక్కచోట దొరికితే అన్నిచోట్లా దొరికినట్టే. ఎక్కడెక్కడ పెట్టిండ్రో చెప్పుండ్రి" అన్నారు మీరు.

నేను చెబుతూ పోయాను. నీళ్ళు, రేషను, దవాఖాన, తోట హాజరు. మా ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు నాకు పెళ్ళయిన కొత్త నుంచీ తెలుసు.

"ఏందయ్యా?" అన్నాను.

"అష్టాచెమ్మ" అన్నాడు.

లిఫ్టు పైకీ కిందికీ పోయేలోపు ఆడుకునే అష్టాచెమ్మ ఆట. అందులో నా మెయిల్ పేరిట ఖాతా తెరిచాడట. దానికీ మా ఇంటి బిళ్ళే పెట్టాడట. బతుకమ్మ పండుగప్పుడు ఆ ఆటవాళ్ళ దగ్గర దొంగలు పడి, అందరి మెయిళ్ళూ బిళ్ళలూ ఎత్తుకుపోయారట. మార్చుకోండని వాళ్ళు ఆటలో కబురు కూడా పంపారట.

"మరెందుకు మార్చలే?"

"ఆటదే గదా అనుకున్న. ఆటల ఏమున్నది, గవ్వలు తప్ప?"

ఇప్పుడది చచ్చిన బిళ్ళ కాబట్టి రాస్తున్నాను. మా అత్త పెంచిన మేక పేరు, చెంద్రవంక. ఆ మేకకు మా ఇల్లు తప్ప ఇంకేమీ తెలియదు. దాని పేరు పట్టుకుని ఎక్కడివాడో, ముఖం కూడా లేనివాడు, మా ఆయన ఊపిరి దాకా వచ్చాడు.

ఆయన్ని తిట్టాలని లేచాను. దగ్గు తెర వచ్చి వంగిపోయాడు. వీపు రాస్తూ కూర్చున్నాను. రాస్తున్నంతసేపూ ఎదుటి తలుపే కనబడింది. మూసి ఉంది.

మీరు నన్నేమీ అనలేదు మేడం. అని ఉంటే బాగుండేది.

నాలుగో నమోదు. శుక్రవారం

పోయాను. చావనైనా చస్తానన్నదాన్ని, పొద్దున్నే పోయాను. మక్క గటక చేసి, పుట్టగొడుగుల కూర గిన్నె పట్టుకుని పోయాను. అడుగుల చప్పుడుకు తలుపు తెరుచుకోలేదు. ఎప్పుడూ కొట్టని తలుపు కొట్టాను.

"గిన్నె తీస్కపో" అంది లోపల్నుంచి.

"భూలక్ష్మీ, నాది తప్పయింది. మా ఆయన ఆటల పెట్టిండట ఆ బిళ్ళను. ఆడ దొంగలు పడ్డరట. నీది ఏం లేదు."

"నాది ఏం లేదని నాకెరుక. నువ్వచ్చి చెప్పాల్నా?"

"తలుపు తియ్యి."

"నీ నోరు గల్లీల తెరిచినవ్ సారక్కా. నా కోడలు ఇన్నది. నీళ్ళకాడ అందరిన్నరు. నిన్న నేను బిందె పట్టుకుని పోతే ముగ్గురు తమ జోడీలను తీస్కపోయి బిళ్ళలు మార్చుకున్నరు, నేను చెవి పెట్టి ఇంటనేమోనని. ఇప్పుడు తలుపు చాటున చెవిల తప్పయిందంటే అది ఎవలకు ఇనబడాలె?"

 గిన్నె ఆమె అరుగు మీద పెట్టాను. వెనక్కి తిరిగేసరికి గల్లీలో నలుగురూ పనులు ఆపి చూస్తున్నారు. మామూలుగా అయితే "ఏం సూస్తుండ్రు?" అని అరిచేదాన్ని. ఈసారి నోరు లేవలేదు. కోపం లేక కాదు. దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక. దొంగకు ముఖం లేదు, మా ఆయనకు ఊపిరి లేదు, మీ రూలుకు చెవులు లేవు. మిగిలింది నేనే.

ఐదో నమోదు. శనివారం

నీళ్ళు వదిలే వేళకు పోయాను. గల్లీ అంతా బిందెలు వరుసలో పెట్టుకుని ఉంటుంది అప్పుడు. భూలక్ష్మి వరుస చివరన, అందరికీ దూరంగా నిలబడి ఉంది.  ఆ దూరానికి కారణం నేనే.

పంపు గట్టు ఎక్కాను.

"అందరు ఇనుండ్రి" అని అరిచాను. నా గొంతు సంగతి మీకు తెలుసు. "మంగళవారం నేను ఈమెను దొంగ అన్న. ఈమె దొంగ గాదు. మా ఇంటి బిళ్ళ పోయింది మా ఇంట్ల నుంచే, మా ఆయన ఆట నుంచి. నా నోటికి బుద్ధి లేక భూలక్ష్మిని అన్న. ఇగ ఎవలన్న ఈమె బిందె పక్కన బిందె పెట్టనోళ్ళుంటే నా ముంగట చెప్పుండ్రి, ఇప్పుడే చెప్పుండ్రి!"

క్షమాపణ చెప్పడానికి ఎక్కి మళ్ళీ పోట్లాటలోకే దిగానని తెలుసు. నాకు వచ్చిన భాష అదొక్కటే.  ఒక ముసలామె తన బిందె తీసుకుపోయి భూలక్ష్మి బిందె పక్కన పెట్టింది.

భూలక్ష్మి తన వంతు వచ్చేదాకా ఆగి, నీళ్ళు పట్టుకుని, బిందె ఇంట్లో పెట్టి వచ్చింది. "నడువు, ఆఫీసుకు" అంది. దారి పొడుగునా నా కంటే రెండడుగులు ముందే నడిచింది.

మీ ముందు జరిగింది మీరు చూశారు. అయినా రాస్తాను, ఎందుకంటే ఇది నేను మరిచిపోకూడదు.

"ఈమె సారక్కేనని మీకెట్ల తెలుసు?" అని మీరు అడిగారు.

"మంగళవారం పొద్దుగాల నాకొక మెయిల్ అచ్చింది" అంది భూలక్ష్మి. "సారక్క పేరుతోని. 'ప్రియమైన భూలక్ష్మి గారూ, మీ ఇంటి బిళ్ళ మరిచిపోయాను, దయచేసి తెలుపగలరు, ధన్యవాదాలు' అని ఉన్నది. జోడి అడిగితే బిళ్ళ చెప్పాలె, అది మా పద్ధతి. కానీ నేను చెప్పలే. సారక్క ఏనాడన్న నన్ను గారూ అన్నదా? బతుకుల ఎవలకన్న ధన్యవాదాలు చెప్పిందా? ఇది ఎవడో దీని పేరు పెట్టుకున్నడు, చెప్పాలె అని గడపల నిలబడ్డ, ఇది షిఫ్టు దిగి అచ్చేదాక. నా మాట ఇనకుండనే దొంగ అన్నది."

నేను నేలకేసి చూశాను.

"అప్పుడే తెల్సింది మేడం, ఇదే అసలు సారక్క అని. నలభై ఏండ్ల జోడిని, ఒక్క మాట అడగకుండ, గల్లీ నడుమ దొంగ అనేటిది ఈ గనిల ఇదొక్కతే. రాసుకోండ్రి. ఈమెనే సారక్క."

మీరు రాసుకున్నారు. అర్జీ రద్దయింది. ఆఫీసులో ఎవరో నవ్వారు, మీరు నవ్వలేదు. నాకు మాత్రం నేను నేనేనని రుజువైన క్షణంలో భూమిలోకి ఇంకా లోతుకు దిగిపోవాలనిపించింది.

ఆరో నమోదు. ఆదివారం

ఇక నమోదు అవసరం లేదని మీ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. అయినా రాస్తున్నాను, చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు కాబట్టి.

పొద్దున గాలి మారే వేళకు మేమిద్దరం గొట్టం కింద కూర్చున్నాం. ఆగలేదు. చల్లగా వస్తూనే ఉంది. మా ఆయన కళ్ళు మూసుకుని నిండా పీల్చాడు. దగ్గకుండా పీల్చాడు. అది చూసి నాకు కోపం కొంత దిగింది. కొంతే.

మీరు చెప్పినవన్నీ చేశాం. ఖాతాకొక బిళ్ళ. మెయిల్‌కు అన్నిటికంటే పొడుగుది, దానికి తోడు ప్రతిసారీ ఇంకో అంకె అడిగే ఏర్పాటు. అష్టాచెమ్మ ఖాతా మూసేశాం. మా ఆయన ఒక పూట అలిగాడు. తలుపు బిళ్ళ ఒక్కటీ జోడికి చెప్పండి, మిగతావి ఎవరికీ వద్దన్నారు మీరు. అది నాకు సబబే అనిపించింది. కప్పు కూలితే తెరవడానికి తలుపు బిళ్ళ చాలు, మెయిల్‌ది ఎందుకు?

మధ్యాహ్నం భూలక్ష్మి అరుగు మీద మిరపకాయల తొడిమెలు తీస్తుంటే పోయాను. పక్కన కూర్చున్నాను. మొన్నటి గిన్నె కడిగి తిరిగి ఇచ్చింది, ఖాళీది. మా దగ్గర గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు, ఒక పచ్చిమిరపకాయ అయినా వేసి ఇస్తారు. చూసీ చూడనట్టు తీసుకున్నాను.

"తలుపుకు కొత్త బిళ్ళ పెట్టినం. చెవి ఇటియ్యి" అని వంగాను.

ఆమె మిరపకాయలు ఒళ్ళోంచి నేల మీద పడిపోయేంత వేగంగా రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆ చేతుల మంటకు చెవులు ఎంత మండి ఉంటాయో.

"అద్దు. నాకు చెప్పకు."

"మరి కప్పు కూలితే?"

"ఇంకోసారి నీ తలుపు తెరుచుకోకపోతే? అప్పుడు మల్ల ఎవలను అంటవ్? నాకు ఎరుకలేకపోతే నన్ను అనవు గదా. ఎరుకలేని కాడికే మంచిది."

"ఇగ అనను భూలక్ష్మీ."

"నువ్వు అంటవ్" అంది. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే అంది. మిరపకాయలు ఏరుకుని లోపలికి పోయింది.

ఇంటికొచ్చి మీ పత్రం పూర్తి చేయబోయాను. అన్నీ నింపాను. చివర్లో ఒక గడి మిగిలింది, జోడి పేరు. అది ఖాళీగా ఉంటే మిషన్ తీసుకోవడం లేదు. పేరు రాస్తే ఆమెకు కబురు పోతుంది, ఆమె కాదంటే అది తిరిగి వస్తుంది. తిరిగి వస్తే చూడలేను. గడి ముందు కూర్చుని దొంగను తిట్టాను, మిషన్‌ను తిట్టాను. తిట్టినకొద్దీ గడి ఖాళీగానే ఉంది.

"రాయి" అన్నాడు మా ఆయన గొట్టం కింద నుంచి.

"అద్దన్నది గదా."

"బిళ్ళ అద్దన్నది. జోడి అద్దన్నదా? పోయి అడుగు."

లేచి పోయాను. మధ్యలో ఉన్నది ఏడడుగుల గల్లీ. కావాలనే చెప్పులు ఈడ్చుకుంటూ, చప్పుడు చేసుకుంటూ పోయాను. తలుపు తెరుచుకోలేదు. లోపల దీపం వెలుగుతోంది, ఆమె గాజుల చప్పుడు వినబడుతోంది. కొట్టాను. గాజుల చప్పుడు ఆగింది.

"ఎవలు?" అంది.

నలభై ఏళ్ళలో ఆ తలుపు వెనక నుంచి ఆ ప్రశ్న నన్ను ఎన్నడూ అడగలేదు.

"నేనే" అన్నాను.

"నేనంటే?"

"సారక్కను."

 తర్వాత అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"ఏ సారక్క?" అంది భూలక్ష్మి.